ఎలక్ట్రికల్ సామాన్లకు గ్యారంటీ లేదట!

సంపాదకులు గారికి నమస్కారం.

కార్తీక మాసం నడుస్తోంది. ఊళ్ళో సగం ఇళ్ళల్లో నీచు ముట్టరు. చేపలమ్మే వాళ్ళకి కాస్త తీరిక దొరికేది ఈ నెలలోనే. అందుకే ఏడాదిగా కడుపులో పెట్టుకున్న సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఎదురుగా కిటికీ గట్టు మీద నా మోటారు సైకిల్‌వి, చచ్చిపోయిన రెగ్యులేటర్లు నాలుగు వరసగా ఉన్నాయి. మా ఇంటిది వాటిని పాత ఇనుముకి వేసెయ్యమని రోజూ పోరుతోంది. ఉత్తరం పూర్తయ్యేదాకా ఉంచమన్నాను.

మాది విశాఖపట్నంలో కంచరపాలెం. తెల్లవారుజామున నాలుగింటికల్లా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, వేలంలో సరుకు పట్టుకుని, కాన్వెంట్ జంక్షన్, ఎన్ఏడీ మీదుగా వచ్చి గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి వీధుల్లో అమ్ముకుంటాను. నా బండి 2013లో కొన్న నూరు సీసీది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు దాని మీద పక్కింటి రేకులు ఎగిరొచ్చి పడ్డాయి. సీటు చిరిగింది, అద్దాలు రెండూ పోయాయి, ఇంజను మాత్రం మర్నాడు రెండో కిక్కుకే అందుకుంది. అంతటి బండి నన్ను ఎనిమిది నెలలు ఏడిపించింది. అదీ అరచేతిలో పట్టే ఒక్క పార్టు మూలంగా.

రెగ్యులేటర్ అంటే ఏమిటో నాకూ మొదట తెలియదు, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇంజను తిరిగేటప్పుడు మేగ్నెట్ కాయిల్‌లో పుట్టేది ఏసీ కరెంటు. బ్యాటరీకి కావలసింది డీసీ. ఆ మార్పిడి చేసేది ఇదే. పైగా బండి జోరు పెరిగే కొద్దీ కరెంటూ పెరుగుతుంది కదా, ఎక్కువైనదాన్ని బ్యాటరీకి పోనివ్వకుండా అడ్డుకునేదీ ఇదే. ఆ పనిలో బాగా వేడెక్కుతుంది. దానికి అల్యూమినియం రెక్కలుండేది ఆ వేడి గాలికి పోవడానికే. ఇది పాడైతే బ్యాటరీకి కరెంటు చేరక డౌన్ అయినా అవుతుంది, లేదంటే అదుపు తప్పి బల్బులు మాడిపోయి బ్యాటరీలో నీళ్ళు ఉడికిపోనైనా పోతాయి. నేను రెండూ చూశాను.

కిందటి కార్తీకంలో మొదటిది పోయింది. బండితో పాటు వచ్చినది, పదకొండేళ్ళు పని చేసింది, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. మా వీధి చివర మెకానిక్ కుర్రాడు చూసి, “రెగ్యులేటర్ ఎగిరిపోయింది బాబాయ్, కొత్తది తెచ్చేయ్” అన్నాడు. స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్తే 280 రూపాయలకి ఒకటి ఇచ్చారు. బిల్లు అడిగితే కౌంటరు మీదున్నాయన, “బిల్లయితే 28 శాతం జీఎస్టీ పడుద్ది బాబూ, నీ ఇష్టం” అన్నాడు. డెబ్బై ఎనభై రూపాయలు ఎందుకు దండగని ఊరుకున్నాను. ఎమ్మార్పీ అంటేనే పన్నులన్నీ కలిసిన ధర అని అప్పుడు నాకు తట్టలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పన్ను 18 శాతానికి దిగింది, ఆ మాట మీ పేపర్లోనే చదివాను. బిల్లు అడిగితే జవాబు మారిందేమో, మళ్ళీ వెళ్ళి చూడాలి.

కనుమ వచ్చింది. కనుమంటే మా వ్యాపారానికి అసలు పండగ. ఆ ఒక్క పూట అమ్మకం మామూలు వారం అమ్మకంతో సమానం. అప్పు చేసి మరీ వంజరం, పెద్ద రొయ్య పట్టుకుని ఐసు పెట్టెలో సర్దుకుని బయలుదేరాను. ఇంకా చీకటే. కాన్వెంట్ జంక్షన్ దాటాక ముందున్న కంటెయినర్ లారీని దాటుదామని రేజ్ చేశానో లేదో, హెడ్‌లైటు ఒక్కసారి పాలలా తెల్లగా వెలిగి టప్పున ఆరిపోయింది. వెనక ఇంకో లారీ. వెనక లైటు కూడా పోయిందన్న సంగతి ఆ డ్రైవరు కొట్టిన హారన్‌ని బట్టి తెలిసింది. ఎలాగో పక్కకి తీసి ఆపాను. చేతులు వణికితే వణికాయి గానీ, ఆ క్షణంలో నేను తలచుకున్నది దేవుణ్ణి కాదు, పెట్టెలో ఉన్న రొయ్యల్ని. ఫోను టార్చి వేసి షర్టు జేబులో నిలబెట్టి, తెల్లారేదాకా రోడ్డు అంచునే పాకుతూ వెళ్ళాను. గోపాలపట్నం చేరేసరికి నా ఖాతాదారులు సగం మంది వేరే వాళ్ళ దగ్గర కొనేసుకున్నారు.

పండగ అయ్యాక పాడైనదాన్ని పట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళాను. కౌంటరు వెనక గోడ మీద ఒక బోర్డుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు దాన్ని చూడలేదు. “ఎలక్ట్రికల్ సామాన్లకు గ్యారంటీ లేదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.” ఎర్ర అక్షరాలతో, పైన స్వామి పటం, పటానికి చామంతి దండ. రెండు నెలలు కూడా పని చెయ్యలేదండీ అన్నాను. “ఎలక్ట్రికల్‌కి ఎవుడూ గ్యారంటీ ఇవ్వడు. మీ వైరింగ్‌లో ఏటుందో మాకేటి తెలుసు?” అన్నాడాయన. ఆ ముక్కలో కొంత నిజముందని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది.

ఇంకో దుకాణంలో 350 పెట్టి రెండోది కొన్నాను. అట్ట పెట్టె మీద పెద్ద బొమ్మ, మంటలు, మెరుపులు. తయారు చేసినదెవరు, ఏ నెలలో చేశారు, ఎక్కడ చేశారు అన్నది ఎంత వెతికినా లేదు. అయిదు వారాలు నడిచింది. ఈసారి వెళ్తూ వెళ్తూ బ్యాటరీని కూడా పట్టుకుపోయింది. పక్క ప్యానెల్ తీస్తే బ్యాటరీ పొట్ట ఉబ్బిపోయి, కుళ్ళిన గుడ్ల వాసన. కొత్త బ్యాటరీకి 1,050.

ఈ డూప్లికేట్ల గొడవ వద్దురా అనుకుని మార్చి మధ్యలో కంపెనీ డీలరు కౌంటరుకే వెళ్ళి 850 పెట్టి అసలైనదే కొన్నాను. హోలోగ్రాం ఉంది, బిల్లు ఉంది. ఏప్రిల్, మే గడిచిపోయాయి. ఒక్క బల్బు పోలేదు. డబ్బులు పెడితే సరుకు బాగుంటుందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. మెకానిక్ కుర్రాడికి కూడా ఒక క్లాసు పీకాను.

జూన్ 27న అదీ పోయింది.

డీలరు దగ్గరికి వెళ్తే వాళ్ళూ అదే, గ్యారంటీ లేదన్న మాటే చెప్పారు. కాకపోతే వీళ్ళు ఏసీ గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి చెప్పారు.

ఆ రాత్రి నాలుగింటినీ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. చేపలు తూచే కాటా పక్కనే ఉంది. ఊరికే ఒక్కొక్కటీ కాటా మీద పెట్టాను. బండితో వచ్చినది 150 గ్రాములు. డీలరు దగ్గర కొన్నదీ ఇంచుమించు అంతే. 350ది 120. 280 రూపాయలది 90. చేపైతే పట్టుకోగానే తెలిసిపోతుంది, 90 గ్రాముల కానాగంతని 150 అని నాకెవరైనా అంటగడితే చెయ్యి పట్టుకుని అడుగుతాను. పార్టు దగ్గర మాత్రం గుడ్డివాడినైపోయాను. వేడిని గాలికి వదలాల్సిన లోహమే అందులో తక్కువుంటే అది ఎన్నాళ్ళు తట్టుకుంటుంది?

కానీ బరువు సరిగ్గా ఉన్న కంపెనీది కూడా పోయింది కదా. అక్కడ నా లెక్క తెగలేదు.

తెగ్గొట్టింది మా పేటలో లారీలకీ ఆటోలకీ వైరింగ్ చేసే ఒక పెద్దాయన. డెబ్బై దాటి ఉంటాయి. నా కథంతా విని, “పార్టు సచ్చిపోతంది, సరే. దాన్ని సంపుతున్నదెవుడో సూడాలి గదా” అన్నాడు. కొత్త రెగ్యులేటర్ ఒకటి పెట్టించి, కిక్కు కొట్టమన్నాడు. వోల్టులు కొలిచే మీటరు తీసి బ్యాటరీ రెండు మొనలకీ పెట్టాడు. మామూలుగా ఉన్నప్పుడు 13 వోల్టుల చిల్లర. రేజ్ చెయ్యమన్నాడు. అంకె ఎక్కుతూ ఎక్కుతూ 15.8 దగ్గర నిలబడింది. 14న్నర ప్రాంతంలో ఆగాలిట. ఆ తర్వాత ఆయన చేసిన పని నేను అంతకు ముందు ఏ మెకానిక్ దగ్గరా చూడలేదు. మీటరు ఒక తీగ బ్యాటరీ మైనస్‌కి, రెండోది రెగ్యులేటర్ ఎర్త్ వైరుకి పెట్టాడు. రెండూ మైనస్సే కదా, అక్కడ సున్నా, మహా అయితే సున్నా దగ్గర్లో రావాలి. 1.4 వచ్చింది.

“అదీ సంగతి” అన్నాడు. రెగ్యులేటర్ తన ఎర్త్‌ని బట్టే వోల్టులు కొలుచుకుంటుంది. దాని ఎర్త్ 1.4 తప్పు చూపిస్తోంది కాబట్టి, అది తన లెక్కలో 14.4 దగ్గర బుద్ధిగా ఆపేస్తున్నా బ్యాటరీకి చేరేది 15.8. పార్టు ఒళ్ళు దాచుకోకుండా పని చేస్తోంది, దానికి అందే సమాచారమే తప్పు.

కనెక్టర్ ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. ఒకప్పుడు తెల్లటి ప్లాస్టిక్, ఇప్పుడు ఒక మూల బెల్లప్పాకం రంగుకి తిరిగి కరిగి ఉంది. లోపల ఇత్తడి మొనలు కనిపించడం లేదు, అంతా ఆకుపచ్చ చిలుము. గోటితో గీస్తే పొడి రాలింది. నాలిక్కి తగిలించి చూశాడాయన, వద్దంటున్నా వినకుండా. “ఉప్పు” అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. నా బండికి రెగ్యులేటర్ ఉండేది ఎడమ పక్క ప్యానెల్ లోపల, సీటు కింద. దానికి సరిగ్గా పైన వెనకవైపు నా చేపల పెట్టె. హార్బర్లో సరుకు కడిగేది ఉప్పునీళ్ళతోనే. ఐసు కరిగే కొద్దీ ఆ నీళ్ళు పెట్టె మూల నుంచి బొట్టు బొట్టుగా కారుతూనే ఉంటాయి. పాత పెట్టె కింద ఒక రేకు ఉండేది, రెండేళ్ళ కిందట పెట్టె మార్చినప్పుడు ఆ రేకు వెయ్యడం మానేశాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ నేను చేపలు మొయ్యలేదు, సువర్ణరేఖ మామిడి పళ్ళు అమ్ముకున్నాను. బల్బు పోనిదీ ఆ రెండు నెలలే. బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిన పన్నెండు రోజులకి పార్టు పోయింది. ఇంత తేటగా కళ్ళ ముందుంటే డూప్లికేట్ అనీ, ఒరిజినల్ అనీ, దిష్టి అనీ ఏదేదో అనుకున్నాను. కనుమ తర్వాత సింహాచలం వెళ్ళి బండికి నిమ్మకాయలు కూడా కట్టించుకొచ్చాను, దాచడమెందుకు.

పెద్దాయన కొత్త కనెక్టర్ వేసి, మొనలకి వాసెలిన్ రాసి, రెగ్యులేటర్ బాడీ బోల్టు నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కి ఇంకో దళసరి తీగ లాగాడు. పెట్టె కింద రేకు నేనే వేసుకున్నాను. మళ్ళీ కొలిస్తే రేజ్ చేసినా 14.4 దాటలేదు. కొత్త రెగ్యులేటర్ ధర కాక, సామానుకీ కూలికీ కలిపి 190 రూపాయలు తీసుకున్నాడు. జూలై నుంచి ఇప్పటిదాకా బండి లైటు ఆరలేదు, మొన్నటి మొంథా తుపాను వానల్లో కూడా. అంతకు ముందు ఎనిమిది నెలల్లో పార్టులకి 1,480, బ్యాటరీ 1,050, బల్బులకి 360, బిగించిన కూలి 300, వెరసి 3,190 పోయాయి. కనుమ నష్టం ఇందులో కలపలేదు, అది తలచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

ఇక నా మనవి. తప్పులో సగం నాది. నా చేపల నీళ్ళకి డీలరు డబ్బులు వాపసివ్వాలని నేననను. 280ది తన నాసిరకానికి పోయిందో, నా ఉప్పుకి పోయిందో ఆ అప్పన్నకే తెలియాలి. కానీ మూడు సార్లు పార్టు మార్చారు, మూడు చోట్ల కొన్నాను, ఒక్కరంటే ఒక్కరు మీటరు పెట్టి చూడలేదు. అది మూడు నిమిషాల పని. జ్వరమొస్తే థర్మామీటరు పెట్టకుండా మందులిచ్చే డాక్టరు దగ్గరికి మనం రెండోసారి వెళ్ళం కదా. మెకానిక్ కుర్రాణ్ణి అనడానికి నోరు రావడం లేదు. పదో తరగతి తప్పి పనిలో చేరిన పిల్లాడు, వాడికి పానా పట్టడం నేర్పారు గానీ మీటరు పట్టడం ఎవరూ నేర్పలేదు. నేనే ఈ మధ్య ఒక పసుపు రంగు మీటరు 280 రూపాయలకి కొన్నాను. ధర చూసి నవ్వొచ్చింది, మొదటి డూప్లికేట్ రెగ్యులేటర్ ధరే అది. ఆ కుర్రాడికి దాని మీద కొలవడం చూపించాను. ఇప్పుడు వచ్చిన ప్రతి బండికీ పెట్టి చూస్తున్నాడు, అవసరం ఉన్నా లేకపోయినా.

దుకాణాల సంగతి వేరు. వేపగుంటలో నా దగ్గర ప్రతి ఆదివారం చేపలు కొనే ఒక రిటైర్డ్ కోర్టు ఉద్యోగి ఉన్నారు. ఆయనకి ఆ బోర్డు గురించి చెప్తే నవ్వి, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఏముందో చెప్పారు. బిల్లు ఇవ్వకపోవడమే ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారం కిందికి వస్తుందట. లోపమున్న సరుకుని వాపసు తీసుకోను, డబ్బివ్వను అనడం కూడా అంతే. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, రాయకపోతే 30 రోజుల్లోగా తీసుకోవాలట. అంటే గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసినంత మాత్రాన అది చట్టమైపోదు. 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు, రెండేళ్ళ లోపు వెళ్ళాలి. “అయితే నీ దగ్గర బిల్లేదీ?” అన్నారాయన. వెయ్యి చేపల్ని లెక్క తప్పకుండా అమ్మేవాణ్ణి, ఆ ప్రశ్నకి తల దించుకున్నాను.

పెట్టె మీద తయారీదారు పేరు, నెల, సంవత్సరం లేకుండా ప్యాకింగ్ సరుకు అమ్మకూడదని తూనికలు కొలతల శాఖ వారి 2011 నిబంధనలు ఉన్నాయి. మా కాటాలకి ముద్ర ఉందో లేదో చూడడానికి ఆ శాఖ వారు బజారుకి వస్తారు, రావాలి కూడా. ఆ వచ్చిన దారిలోనే స్పేర్ పార్టుల దుకాణాల్లోకి కూడా ఒకసారి తొంగి చూడమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పెట్టె మీద బొమ్మలు తప్ప ఇంకేమీ లేని పార్టులు ఎన్ని గుట్టలున్నాయో వారికే కనిపిస్తుంది.

దుకాణదారులకి ఒక్క మాట. కరెంటు బల్బు కొంటే హోల్డర్లో పెట్టి వెలిగించి చూపించి ఇస్తారు. ఆ మర్యాద కిరాణా కొట్టులో కూడా ఉంది. మీరూ కౌంటరు మీద ఒక మీటరు పెట్టండి. రెగ్యులేటర్ కోసం వచ్చినవాణ్ణి, “బండి తెచ్చావా, ఎర్త్ కొలిచి చూశావా” అని అడగండి. బండి వైరింగ్‌లో తప్పుంటే అక్కడే తెలుస్తుంది, మీకు అనవసరంగా మాట రాదు. అమ్మిన తేదీ చీటీ మీద రాసివ్వండి. ఆ రోజు కౌంటరాయన “మీ వైరింగ్‌లో ఏటుందో” అన్నప్పుడు, ఆ మాట పార్టు అమ్మకముందు అని ఉంటే నాకు కనుమ పోయేది కాదు.

హార్బర్ నుంచి రోజూ నాలాగా బండి మీద పెట్టెలు కట్టుకుని వెళ్ళేవాళ్ళు వందల్లో ఉన్నారు. అన్నదమ్ములారా, పెట్టె కింద రేకు ఉందో లేదో రేపు పొద్దున్న ఒకసారి చూసుకోండి. ఎవరికైనా బల్బులు ఊరికే పోతుంటే, ఎడమ ప్యానెల్ ఊడదీసి కనెక్టర్లో చిలుముందేమో చూసుకోండి. కొలిచి చూడాలంటే మీటరు నా దగ్గరుంది, డబ్బులేమీ తీసుకోను. కంచరపాలెంలో పసుపు మీటరు చేపలాయన అంటే చెప్తారు. కార్తీకం వెళ్ళేదాకా ఎప్పుడైనా రావచ్చు, ఆ తర్వాత మాత్రం మధ్యాహ్నం రెండు దాటాక రండి.

ఇట్లు,
ఒక చేపల వ్యాపారి,
కంచరపాలెం, విశాఖపట్నం